గ్యాస్ అనుకుని సోడా తాగేస్తున్నారా? గుండె తన వాటా రక్తం ఎప్పుడు తీసుకుంటుందో తెలిస్తే అలా చేయరు.. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలబడి చూద్దాం

తెల్లవారుజామున నాలుగు గంటలు. ఛాతీ మధ్యలో ఏదో బరువు. ఒళ్లంతా చెమట. "ఏమండీ, ఆస్పత్రికి వెళ్దామా?" అని భార్య అడుగుతుంది. "ఏం లేదులే.. రాత్రి బిర్యానీ తిన్నాంగా, గ్యాస్ పట్టేసింది. కాస్త వాము ఇవ్వు" అని ఆయన సమాధానం. వాము అయ్యాక సోడా, సోడా అయ్యాక గోరువెచ్చటి నీళ్లు. అలా చూస్తుండగానే తెల్లారిపోతుంది. విజయవాడలోనే కాదు, బందరు నుంచి తెనాలి దాకా డెల్టాలో ఏ ఊరు తీసుకున్నా ఇలాంటి రాత్రి ఒక్కసారైనా చూడని వీధి ఉండదు.

ఆ రెండు మూడు గంటల్లో లోపల ఏం జరిగింది? ఎందుకు డాక్టర్లు ప్రతి నిమిషం ముఖ్యం అంటారు? దీనికి జవాబు గుండె నిర్మాణంలోనే ఉంది. ఒంట్లో ప్రతి అవయవానికీ రక్తం పంపే గుండె, తన లోపల నిండుగా ఉన్న రక్తంలోంచి తను మాత్రం దాదాపు ఏమీ తీసుకోలేదు. దాని బతుకు రెండు సన్నటి గొట్టాల మీద ఆధారపడి ఉంటుంది. అదెలాగో అర్థం కావాలంటే ముందు అసలు గుండె ఎలా పని చేస్తుందో చూడాలి.

పిడికిలి అంత.. కానీ పని మాత్రం టీఎంసీల్లో

చెయ్యి ముడిచి చూసుకోండి. ఇంచుమించు అంతే ఉంటుంది మీ గుండె. బరువు పావుకిలో నుంచి 350 గ్రాముల లోపు. సినిమాల్లో హీరో ఎడమ పక్కన చెయ్యి పెట్టి డైలాగ్ చెబుతాడు గానీ, గుండె ఉండేది ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక వెనకాల. మూడింట రెండు వంతులు ఎడమ వైపుకు ఒరిగి ఉంటుంది, కింది కొన కూడా అటే తిరిగి ఉంటుంది. అందుకే కొట్టుకోవడం అక్కడ తెలుస్తుంది. గుండె అడుగుభాగం ఉదరవితానం అనే కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. ఆ పొరకు సరిగ్గా కిందే కడుపు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, గ్యాస్ సంగతికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

విశ్రాంతిగా కూర్చుంటే నిమిషానికి దాదాపు 70 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు.. అంటే చిన్న టీ గ్లాసుడు. నిమిషానికి 5 లీటర్లు. రోజుకు 7,200 లీటర్లు. ఎండాకాలంలో మన వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్ ఒకటిన్నర అనుకోండి.

డెల్టా జనానికి లీటర్ల కన్నా టీఎంసీలు బాగా అర్థమవుతాయి కాబట్టి ఆ లెక్క కూడా వేద్దాం. 70 ఏళ్లు బతికిన మనిషి గుండె మొత్తం మీద తోడిన రక్తం సుమారు 18 కోట్ల లీటర్లు. ఇలాంటి 154 మంది జీవితకాలం కలిపితే ఒక్క టీఎంసీ అవుతుంది. పట్టిసీమ దగ్గర 24 భారీ పంపులు పెట్టి గోదావరి నీళ్లు ఎత్తి కృష్ణకు పంపుతున్నాం. వాటికి కరెంటు కావాలి, రిపేర్ల కోసం ఆపాలి, కొన్ని నెలలే నడపాలి. ఈ పావుకిలో పంపుకు సెలవు లేదు.

ఒక గుండె కాదు.. పక్కపక్కనే రెండు పంపులు

గుండెలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. మధ్యలో నిలువు గోడ. కుడి పక్కకూ ఎడమ పక్కకూ నేరుగా దారి ఉండదు. పుట్టుకతో ఆ గోడలో కన్నం ఉంటేనే "బాబుకి గుండెలో హోల్ ఉందట" అంటాం.

కుడి పక్క పంపు పని సులువు. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ అయిపోయిన రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు. ఎడమ పక్కది అసలైన కష్టం. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన తాజా రక్తాన్ని నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా తోయాలి. అందుకే ఎడమ జఠరిక గోడ కుడిదాని కంటే దాదాపు మూడు రెట్లు మందంగా ఉంటుంది. మనం బీపీ 120 అంటామే, అది ఎడమ పక్క పంపు పుట్టించే ఒత్తిడి. కుడి పక్క అది 25 దగ్గరే ఉంటుంది.

ఎడమ జఠరిక నుంచి బయల్దేరే పెద్ద గొట్టం పేరు బృహద్ధమని. డాక్టర్లు అయోర్టా అంటారు. బ్యారేజీ దగ్గర బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ చీలి, వాటి నుంచి పిల్ల కాలువలు, బోదెలు ఎలా పోతాయో, అయోర్టా నుంచి కూడా అలాగే చీలుతూ చీలుతూ వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల దాకా వెళ్తుంది. తేడా ఒక్కటే. మన కాలువల్లో నీళ్లు పల్లానికి వాటంతటవే పారతాయి. ఒంట్లో పల్లం లెక్క లేదు, తోసేవాళ్లు ఉండాలి.

లబ్.. డబ్.. ఆ చప్పుడు గుండె కొట్టుకునేది కాదు

ఇది చాలామందికి తెలియదు. స్టెతస్కోప్‌లో వినపడే చప్పుడు కండరానిది కాదు, తలుపులు మూసుకున్నప్పుడు వచ్చే శబ్దం. గుండెలో నాలుగు కవాటాలు.. అంటే వాల్వ్‌లు. కర్ణికలకూ జఠరికలకూ మధ్య రెండు, జఠరికల నుంచి బయటకు వెళ్లే దారుల్లో రెండు. మొదటి జత మూసుకుంటే "లబ్", రెండో జత మూసుకుంటే "డబ్".

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. వాటిని ఎత్తాలన్నా దించాలన్నా మోటార్లు, కౌంటర్ వెయిట్లు, పక్కన మనుషులు కావాలి. గుండె వాల్వ్‌లకు ఏ మోటారూ ఉండదు. ముందు వైపు కంటే వెనక వైపు ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటాయి, ముందు వైపు పెరిగితే మూసుకుంటాయి. అంతే. కాగితం కన్నా కాస్త మందంగా ఉండే పొరలు రోజుకు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి.

మరి గేటు పాడైతే? 2024 సెప్టెంబర్ 1న కృష్ణకు వరద వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొట్టడం బెజవాడ అంతా టీవీల్లో చూసింది. గుండె వాల్వ్‌కు తగిలే దెబ్బ ఇంత ఆర్భాటంగా ఉండదు. చిన్నప్పుడు వచ్చిన గొంతు నొప్పిని సరిగ్గా తగ్గించుకోకపోతే, కొందరు పిల్లల్లో ఆ బ్యాక్టీరియా మీదకు తిరగబడిన రోగనిరోధక శక్తే పొరపాటున గుండె వాల్వ్‌ల మీద కూడా పడుతుంది. దాన్నే రుమాటిక్ జ్వరం అంటారు. మోకాళ్లూ మోచేతులూ నొప్పులు పుట్టి తగ్గిపోతాయి, అందరూ మర్చిపోతారు. పదేళ్లకో ఇరవై ఏళ్లకో మైట్రల్ వాల్వ్ బిరుసెక్కిపోయిందని బయటపడుతుంది. చాలామంది ఆడపిల్లలకు ఆ సంగతి తెలిసేది తొలి కాన్పు సమయంలో, ఆయాసం వచ్చినప్పుడే.

వాల్వ్ లీకైనా, గుండె కండరం బలహీనపడినా రక్తం ముందుకు పోదు, వెనక్కి తన్నుతుంది. దీన్ని వేరే చెప్పనక్కర్లేదు, సింగ్ నగర్ వాళ్లను అడగండి. కృష్ణ నిండుగా పారుతుంటే బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగలేవు. ముందుకు దారి లేక వెనక్కి ఎగదన్నుతాయి, కట్ట బలహీనంగా ఉన్నచోట ఊళ్ల మీద పడతాయి. గుండె ఎడమ పక్క బలహీనపడితే ఊపిరితిత్తుల్లో ఇదే జరుగుతుంది. వెనక ఒత్తిడి పెరిగి, రక్తంలోని నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. పడుకుంటే ఆయాసం, రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. కుడి పక్క బలహీనపడితే కాళ్లు వాస్తాయి. బాధలో ఉన్న మనిషిని "గుండె చెరువైంది" అంటాం కదా. హార్ట్ ఫెయిల్యూర్‌లో చెరువయ్యేది ఊపిరితిత్తులు.

కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

గుండెను ఒంట్లోంచి బయటకు తీసినా కొద్దిసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మెదడు ఆర్డర్ వేస్తేనే కొట్టుకుంటుందనుకోవడం పొరపాటు. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. అది తనంతట తానే విద్యుత్ పుట్టించి పైగదులకు పంపుతుంది. అక్కడి నుంచి ఏవీ నోడ్ అనే దగ్గర సెకనులో పదోవంతు సేపు ఆగుతుంది. ఎందుకు ఆగాలి? పైగదులు తమ రక్తం కిందకు దించేదాకా కిందిగదులు ఆగాలి కాబట్టి. తర్వాత ఒక్క ఉదుటున జఠరికలంతా పాకి, కండరం కింది నుంచి పైకి పిండుకుంటుంది. ఈసీజీ కాగితం మీద కనపడే గీతలు ఈ కరెంటు ప్రయాణమే.

మెదడు పాత్ర వేగం పెంచడం, తగ్గించడం వరకే. సైనస్ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. వేగస్ అనే నరం దాన్ని అదుపు చేసి 70 దగ్గర ఉంచుతుంది. భయమేసినప్పుడు ఆ పగ్గం వదులుతుంది, మరో నరాల జట్టు కొరడా ఝళిపిస్తుంది. "గుండె దడదడలాడింది" అంటామే, అది ఇదే.

ఊరందరికీ పంచేది తను.. మరి తన వాటా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎడమ జఠరిక నిండా తాజా రక్తం. గోడ మందం మాత్రం ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. లోపలి రక్తం నుంచి ఆక్సిజన్ ఆ గోడ పైపై పొరకు మాత్రమే అందుతుంది, లోతుకు పోదు. రిజర్వాయర్ పక్కనే ఉన్నా కాలువ లేకపోతే చేను ఎండిపోయినట్టే. కాబట్టి గుండెకు కూడా కాలువలు కావాలి. అవే కరోనరీ ధమనులు. ఎడమది, కుడిది.

ఇవి అయోర్టా నుంచి చీలే మొట్టమొదటి కొమ్మలు. అయోర్టిక్ వాల్వ్‌కు సరిగ్గా పైనే వీటి మూతులు ఉంటాయి. ఎడమది కాస్త ముందుకెళ్లి రెండుగా చీలుతుంది. గుండె ముందు భాగం మీదుగా దిగేదాన్ని ఎల్ఏడీ అంటారు, ఎడమ జఠరికలో పెద్ద భాగానికి రక్తం అదే ఇస్తుంది. రెండోది వెనక్కి చుట్టి వెళ్తుంది. కుడి ధమని సాధారణంగా గుండె కింది భాగాన్ని, చాలామందిలో సైనస్ నోడ్‌ను కూడా చూసుకుంటుంది. వీటి లోపలి వెడల్పు మొదట్లోనే మూడు నాలుగు మిల్లీమీటర్లు. జ్యూస్ స్ట్రా కన్నా సన్నం.

మిగతా అవయవాలకు రక్తం ఎక్కువగా అందేది గుండె పిండుకున్నప్పుడు. కానీ ఎడమ జఠరికకు ఆ సమయంలో రక్తం సరిగ్గా అందదు. కండరం గట్టిగా పిండుకున్నప్పుడు తన లోపలే ఉన్న సన్న నాళాలను కూడా నొక్కేస్తుంది కదా మరి. గుండె సడలినప్పుడు, అయోర్టిక్ వాల్వ్ మూసుకున్నప్పుడే దాని వంతు వస్తుంది. మూసిన వాల్వ్ మీద అయోర్టాలోని రక్తం ఒత్తిడితో నిలబడి, పక్కనున్న ఆ రెండు మూతుల్లోకి దిగుతుంది.

బ్యారేజీ దగ్గర జరిగేది కూడా ఇదే. గేట్లన్నీ ఎత్తేస్తే నీళ్లు సముద్రంలోకి పోతాయి. గేట్లు దించితేనే వెనక నీటిమట్టం నిలబడి, హెడ్ స్లూయిస్‌ల నుంచి డెల్టా కాలువల్లోకి నీళ్లు దిగుతాయి. 1850ల్లో ఇక్కడ మొదటి ఆనకట్ట కట్టిందీ, 1957లో దాని స్థానంలో ఈ బ్యారేజీ వచ్చిందీ ఇందుకే. నదిని ఆపి నిలబెడితే తప్ప కాలువ పారదు.

అంటే గుండెకు తిండి దొరికేది విశ్రాంతిలో. నిమిషానికి 70 చొప్పున కొట్టుకుంటే ఒక్కో దెబ్బలో మూడోవంతు సమయం పిండుకోవడానికి, మిగతాది సడలడానికి పోతుంది. లెక్కేస్తే రోజులో 15 గంటలకు పైగా సడలే ఉంటుందన్నమాట. వేగం పెరిగితే తగ్గేది ఈ విశ్రాంతి సమయమే.

ఇంకో సంగతి. ఒంట్లో మిగతా అవయవాలు తమకు వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో సగటున పావువంతు వాడుకుని మిగతాది వదిలేస్తాయి. అవసరమైతే ఇంకాస్త పిండుకుంటాయి. గుండె మాత్రం మామూలు రోజుల్లోనే 70 శాతం పైగా లాగేసుకుంటుంది. ఇంక పిండుకోవడానికి పెద్దగా ఏం మిగలదు. పని పెరిగితే దానికి ఒక్కటే దారి, ఇంకా ఎక్కువ రక్తం రావాలి.

దుర్గ గుడి మెట్లు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టై, కాసేపు కూర్చుంటే తగ్గిపోతోందా? లోపల జరిగేది ఇదే. గొట్టం కొవ్వుతో సన్నబడింది. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం మెట్లెక్కేటప్పుడు సరిపోవట్లేదు. పైగా వేగం పెరిగి, విశ్రాంతి తగ్గి, వాటా తీసుకునే సమయం కూడా కుదించుకుపోయింది. దీన్నే ఆంజైనా అంటారు. "కూర్చుంటే తగ్గిపోయిందిగా" అని వదిలేసేది కాదు. ఇదొక ముందస్తు నోటీసు.

భీమవరం కుర్రాడు కనిపెట్టిన కరెన్సీ

కండరం పిండుకోవాలంటే శక్తి కావాలి. ఆ శక్తి ఏ రూపంలో ఉంటుందో ప్రపంచానికి తెలియజేసిన వాళ్లలో మనవాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని గుర్తించారు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు. ఫాస్ఫోక్రియాటిన్ జేబులో ఉన్న అత్యవసర నోటు. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఇంకా పెద్దగా కనపడాల్సిందని మాకనిపిస్తుంది గానీ, అది వేరే కథ.

గుండెకు ఈ డబ్బు దాచుకునే అలవాటు లేదు. దాని దగ్గరున్న ఏటీపీ నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. ఎప్పటికప్పుడు ఆక్సిజన్‌తో తయారు చేసుకోవాల్సిందే. రక్తం ఆగిన నిమిషం లోపే ఆ భాగంలో కండరం పిండుకోవడం మానేస్తుంది. ఇంకా చచ్చిపోలేదు, ఆకలితో సొమ్మసిల్లింది. 20 నిమిషాలు దాటాక కణాలు చనిపోవడం మొదలవుతుంది. లోపలి పొర నుంచి బయటి పొర వైపు ఆ చావు పాకుతుంది. ఆరు గంటలు గడిచేసరికి ఆ గొట్టం కింద ఉన్న కండరంలో చాలా భాగం పోతుంది. చనిపోయిన గుండె కండరం మళ్లీ మొలవదు. అక్కడ మిగిలేది పిండుకోలేని మచ్చ.

తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి మొదలై, వాము, సోడా అయ్యి, ఏడింటికి ఆటో ఎక్కిన ఆయన లెక్క ఇప్పుడు మీరే వేసుకోండి.

మరి గ్యాస్ లాగా ఎందుకు అనిపిస్తుంది?

గుండెపోటు అంటే గొట్టంలో పేరుకున్న కొవ్వు గడ్డ పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడం. ఆ గడ్డ మరీ పెద్దది కానక్కర్లేదు. సగమే మూసిన గడ్డ కూడా చిట్లవచ్చు. నిన్నటిదాకా దిట్టంగా ఉన్న మనిషికి ఈరోజు ఎటాక్ రావడం ఇలాగే.

గుండె నుంచి నొప్పి కబురు మోసే నరాలు, చేతులూ ఛాతీ పైభాగం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గర మెట్లలోకే చేరతాయి. ఏ ఇంటి నుంచి కబురొచ్చిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. అందుకే ఎడమ చెయ్యి, దవడ, మెడ, వీపు లాగుతాయి. గుండె అడుగుభాగానికి దెబ్బ తగిలితే, ఇందాక చెప్పుకున్న ఆ పొర కిందే కడుపు కదా, పైకడుపులో మంట, వికారం, వాంతి. అచ్చం గ్యాస్ లాగే. షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి నొప్పే రాకపోవచ్చు. ఆడవాళ్లలో చాలాసార్లు ఊపిరి ఆడకపోవడం, విపరీతమైన నీరసం మాత్రమే కనపడతాయి. "ఇంటి పని ఎక్కువైందిలే" అని వాళ్లే సర్దుకుంటారు.

గ్యాసో గుండెపోటో ఇంట్లో తేల్చడం ఎవరివల్లా కాదు. డాక్టర్ కూడా చెయ్యి పట్టుకుని చెప్పలేడు, ఈసీజీ తీస్తాడు. ఛాతీలో బరువు, పిండేసినట్టు నొప్పి పది పదిహేను నిమిషాలు తగ్గకపోతే, చల్లటి చెమట పడితే 108కు ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, మెట్లు దిగి ఎక్కొద్దు. ఆస్ప్రిన్ సంగతి ఫోన్లో ఉన్నవాళ్లు చెబితేనే, అలర్జీ లేకపోతేనే.

ఆస్పత్రిలో చేసేది రెండే రకాలు. క్యాథ్ ల్యాబ్ ఉంటే మణికట్టు లేదా తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో దారి తెరిచి స్టెంట్ పెడతారు. ల్యాబ్ దూరమైతే గడ్డను కరిగించే ఇంజెక్షన్. నాగాయలంకలోనో రేపల్లె అవతలో ఉన్న కుటుంబానికి ఈ రెండోదే ముఖ్యం. రాష్ట్రంలో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం ఉద్దేశం ఇదే. చిన్న ప్రభుత్వ ఆస్పత్రిలో తీసిన ఈసీజీని పెద్దాస్పత్రిలోని గుండె డాక్టర్ చూసి సరేనంటే, ఖరీదైన టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. నొప్పి మొదలైన మొదటి రెండు మూడు గంటల్లో పడితే దాని ప్రభావం ఎక్కువ. గంటలు గడిచేకొద్దీ గడ్డ గట్టిపడి మందుకు లొంగదు. స్టెంట్ ఖర్చు భయం కూడా మునుపటంత లేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు పరిమితి పెట్టింది. అర్హత ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఉంది.

గుండెపోటు వేరు.. గుండె ఆగిపోవడం వేరు

టీవీల్లో మేం కూడా ఒక్కోసారి రెండింటినీ కలిపేస్తుంటాం. గుండెపోటు గొట్టం సమస్య. మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు. కార్డియాక్ అరెస్ట్ కరెంటు సమస్య. జఠరికల్లో విద్యుత్ చెదిరిపోయి కండరం పిండుకోవడం మాని వణుకుతుంది. మనిషి కుప్పకూలిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు. గుండెపోటే దీనికి దారితీయవచ్చు. అందుకే సోడా తాగి పడుకోవడం అంత ప్రమాదం.

ఇక్కడ లెక్క గంటల్లో కాదు, నాలుగైదు నిమిషాల్లో. మెదడు అంతకంటే ఆగలేదు. 108 వచ్చేదాకా పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేయాల్సిందే. రొమ్ము ఎముక మధ్యలో.. అవును, ఎడమ పక్క కాదు, మధ్యలో.. రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, కనీసం రెండంగుళాల లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. గుండె తన వాటా తీసుకునేది వదిలినప్పుడే.

గుంటూరులో మారిన గుండె

కండరం పూర్తిగా పాడైపోతే మిగిలేది మార్పిడి. ప్రపంచంలో మొదటిసారి 1967 డిసెంబర్ 3న దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ మనిషి గుండెను మనిషికి పెట్టారు. మన దేశంలో మొదటి విజయం 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో. చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. అవయవ మార్పిడి చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. మన దగ్గర 2016 మేలో గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కలేని వాళ్లకు సర్కారు దవాఖానాలో ఈ ఆపరేషన్ జరగడం అప్పట్లో పెద్ద వార్త. 2023లో గుంటూరు నుంచి తిరుపతికి హెలికాప్టర్‌లో గుండె వెళ్లింది.

గ్రీన్ ఛానెల్ పెట్టి ట్రాఫిక్ ఎందుకు ఆపుతారో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. తీసిన గుండెను ఆపి, ఐసులో పెడితే దాని ఖర్చు బాగా తగ్గుతుంది. అయినా నాలుగు గంటలు దాటితే కష్టమే. చల్లబెట్టిన గుండెకే నాలుగు గంటలు. మంచం మీద వెచ్చగా కొట్టుకుంటూ, ఒక గొట్టం మూసుకుపోయిన గుండె తెల్లారేదాకా ఆగుతుందా?

మార్చి పెట్టిన గుండెకు రక్తనాళాలు కుట్టగలరు గానీ నరాలు కుట్టలేరు. అయినా కొత్త ఛాతీలో రక్తం తగలగానే తన సైనస్ నోడ్‌తో తనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. వేగస్ పగ్గం లేదు కాబట్టి విశ్రాంతిలో కూడా నిమిషానికి 90, 100 చొప్పున నడుస్తుంది. నొప్పి కబురు మోసే నరమూ ఉండదు. అందుకే వాళ్లకు డాక్టర్లు క్రమం తప్పకుండా యాంజియోగ్రామ్‌లు చేస్తారు. ఆ గుండె గొట్టాలు మూసుకుపోతున్నా వాళ్లలో చాలామందికి గ్యాస్ అనుకోవడానికి కూడా నొప్పి రాదు.